గ్రహణం మొర్రి: చీలిక అంచున కణజాలంలో ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్ళో ఎవరింట్లో మొర్రితో బిడ్డ పుట్టినా నాలుగు రోజులు తిరక్కుండా ఎవరో ఒకరు మా గుమ్మం ఎక్కుతారు. ముప్పై ఏళ్ళకు పైగా పాథాలజీ ల్యాబులో పనిచేశానని వాళ్ళకు తెలుసు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన చిన్న చిన్న ముక్కల్ని మైనంలో దిమ్మ కట్టి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేకుండా కోసి, గాజు పలక మీద పరిచి రంగు వేయడం నా పని. నేను డాక్టర్ని కాను. కానీ చీలిక అంచున కణజాలం ఎలా ఉంటుందో కళ్ళారా చూసినవాణ్ణి. కోనసీమ లంకల్లో, కాలువ గట్ల మీద, పంటు దాటుతూ, పెళ్ళిభోజనాల దగ్గర జనం నన్ను అడిగినవే ఇక్కడ రాస్తున్నాను, వాళ్ళు అడిగిన మాటల్లోనే.

గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుంటే మొర్రి వస్తుందా?

రాదు. ఈ ఒక్క మాట ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెబుతున్నాను.

మా పిన్నికి రెండో కానుపులో మొర్రితో మగపిల్లాడు పుట్టాడు. కడుపుతో ఉండగా గ్రహణం పూట దొండకాయలు తరిగిందని అత్తవారింట్లో తేల్చేశారు. ఆవిడా నమ్మింది. ఆ తరవాత పాతికేళ్ళు ఆ కత్తిపీట ముట్టుకోలేదు. వంటింటి మూల గోడవైపు తిప్పి పెట్టి ఉండేది, తుప్పు పట్టి. కూర తరిగే పని ఇంట్లో ఇంకెవరైనా చెయ్యాల్సిందే. తమ్ముడికి ఆపరేషనై, చదువై, ఉద్యోగం వచ్చాక కూడా ఆవిడ చెయ్యి దాని మీద పడలేదు. నేను ల్యాబులో చేరాక ఓసారి పిండం బొమ్మలున్న పుస్తకం తెచ్చి ముందు పెట్టాను. ‘‘పిన్నీ, నువ్వు దొండకాయలు తరిగింది ఆరో నెల్లో కదా. వాడి పెదవి పని రెండో నెల్లోనే అయిపోయింది’’ అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ‘‘ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకెవరూ చెప్పలేదేంరా’’ అంది.

గ్రహణాల లెక్క కూడా చూడండి. సూర్య చంద్ర గ్రహణాలు రెండూ కలిపి ఏటా కనీసం 4 వస్తాయి, దాదాపు ఆరు నెలలకోసారి జంటగా. కాబట్టి భూమ్మీద గ్రహణం దాటకుండా తొమ్మిది నెలలు మోసిన తల్లి ఒక్కరూ ఉండరు. వాళ్ళందరి బిడ్డలకూ మొర్రి రావడం లేదు. ఇలాంటి నమ్మకాలేవీ లేని దేశాల్లోనూ మొర్రితో పిల్లలు పుడుతూనే ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 కాన్పుల్లో ఒకటి.

‘గ్రహణం మొర్రి’ అనే పేరు మన నోళ్ళలో ఉండిపోయింది. నేనూ అదే వాడుతున్నాను, అందరికీ తెలిసేది అదే గనక. పేరుతో ఇబ్బంది లేదు, దాని వెనకాల తల్లి మీద వేసే నిందతోనే.

మరి కడుపులో ఇది ఎప్పుడు జరుగుతుంది?

బిడ్డ నలుసుగా పడినప్పటి నుంచి లెక్కేస్తే నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు పై పెదవి తయారవుతుంది. అంగిలి పని ఆరో వారంలో మొదలై పన్నెండో వారానికి ముగుస్తుంది. నెల తప్పిందని తల్లికి అనుమానం వచ్చేసరికి బిడ్డకు సుమారు రెండు వారాలు. అంటే అనుమానం వచ్చాక ఐదు వారాలు తిరిగేసరికి పెదవి కథ అయిపోయింది. అప్పటికి చాలామంది ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కి ఉండరు. చూలింతకు చీర పెట్టే నాటికి బిడ్డ మొహం పూర్తిగా దిద్దుకుని ఉంటుంది.

పెదవి చీలిపోయిందా, అసలు అతుక్కోలేదా?

అన్ని ప్రశ్నల్లోకీ నాకు ఇష్టమైనది ఇదే, ఎందుకంటే జవాబు మన చేలల్లోనే ఉంది.

ఉన్న పెదవిని ఎవరో కోసినట్టుగా మొర్రి కనిపిస్తుంది. నిజానికి అక్కడ కోత ఏమీ లేదు. వేరువేరుగా పుట్టిన భాగాలు కలవాల్సిన చోట కలవలేదు, అంతే. పిండానికి మొదట్లో మనం అనుకునే మొహం ఉండదు. ముక్కు వైపు నుంచి రెండు మొగ్గలు కిందికి దిగుతాయి, బుగ్గల వైపు నుంచి రెండు మొగ్గలు ముందుకొస్తాయి. అవి కలిసిన చోట పై పెదవి ఏర్పడుతుంది. మీ పై పెదవి మధ్యలో, ముక్కు కింద చిన్న గాడి ఉంది చూడండి. దానికి అటూ ఇటూ ఉన్న గట్టు లాంటి గీతల దగ్గరే ఆ కలయిక జరిగింది. మొర్రి కూడా ఆ గీత వెంటే ఉంటుంది, నట్టనడుమ కాదు. ఎడమ వైపు వచ్చేవి కుడి వైపు కంటే సుమారు రెట్టింపు.

అంగిలి తయారయ్యే తీరు ఇంకా వింతగా ఉంటుంది. నాలుకకు రెండు పక్కలా రెండు పలకలు తలుపు రెక్కల్లా కిందికి వేలాడుతూ పుడతాయి. సమయం వచ్చేసరికి నాలుక కిందికి జారుతుంది, పలకలు పైకి లేచి అడ్డంగా తిరుగుతాయి. ఆ లేవడంలో హయలురోనిక్ ఆమ్లం అనే పదార్థానికి పెద్ద పాత్ర ఉంది. పలకల లోపల కణాలు ఒక ఎంజైమ్ (ఒంట్లో రసాయన మార్పుల్ని నడిపించే ప్రొటీన్) సాయంతో దాన్ని తయారుచేసి పోగేసుకుంటాయి. అది నీటిని పట్టుకుంటుంది. సబ్జా గింజలు గ్లాసులో వేసిన కాసేపటికి ఎలా ఉబ్బుతాయో అలా పలక ఉబ్బి బిర్రెక్కి లేస్తుంది. ఆ తరవాత రెండు పలకలూ ఒకదానివైపు ఒకటి పెరిగి మధ్యలో తాకుతాయి.

తాకితే సరిపోదు. ఒక్కో పలక అంచునా చర్మం లాంటి పైపొర ఉంటుంది. రెండూ ఆనుకున్నప్పుడు మధ్యలో ఆ పొరలు గట్టులా నిలబడిపోతాయి. పక్కపక్క చేలు రెండూ మీవే అయి, ఒకే చేనుగా దున్నాలంటే ముందు ఏం చేస్తారు? మధ్య గట్టు కొట్టేస్తారు. గట్టు ఉన్నంతసేపు ఎంత దగ్గరగా ఉన్నా అవి రెండు చేలే, ఇటు నీరు అటు పారదు. అంగిలిలోనూ అంతే. ఆ మధ్య పొర కరిగి, అటు కణాలు ఇటు, ఇటు కణాలు అటు కలిసినప్పుడే ఒక అంగిలి అవుతుంది. పొరలోని కణాలు కొన్ని వాటంతటవే చనిపోతాయి, కొన్ని పక్కకు తప్పుకుంటాయి. కొన్ని రూపం మార్చుకుని లోపలి కణాల్లో కలిసిపోతాయా లేదా అన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్న సంగతి.

పలకలు చిన్నగా పుట్టినా, సమయానికి లేవకపోయినా, నాలుక అడ్డం తొలగకపోయినా, తాకినా గట్టు తెగకపోయినా ఫలితం ఒక్కటే: అంగిట్లో సందు. కింది దవడ మరీ చిన్నదై నాలుక వెనక్కి నెట్టుకుపోయిన పిల్లల్లో ఆ సందు గిన్నె అంచులా గుండ్రంగా ఉంటుంది. ఈ స్థితిని పియర్ రాబిన్ అంటారు. ఆ పిల్లల్ని వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి అడ్డుపడే ప్రమాదం ఉంది, డాక్టరు చెప్పిన తీరులోనే పడుకోబెట్టాలి.

ఎంజైమ్‌లంటే అన్నం అరిగించేవి కదా, పెదవిలో వాటికేం పని?

అరిగించడమే పని. కాకపోతే ఇక్కడ అరిగేది అన్నం కాదు, కణాల మధ్య ఉండే కొల్లాజెన్ లాంటి పీచు.

తొలకరికి చేలో నీళ్ళు నిలిచినప్పుడు తోకకప్పల్ని చూసే ఉంటారు. కొన్నాళ్ళకు కాళ్ళొస్తాయి, తోక మాయమవుతుంది. ఆ తోక ఊడి పడిపోదు, కరిగి ఒంట్లోనే కలిసిపోతుంది. 1962లో అమెరికాలో జెరోమ్ గ్రాస్, చార్ల్స్ లాపియేర్ అనే ఇద్దరు ఆ తోక ముక్కల్ని కొల్లాజెన్ జెల్ మీద ఉంచి చూశారు. ముక్క చుట్టూ జెల్ కరిగిపోయింది. కొల్లాజెన్‌ను కోసే ఎంజైమ్ అలా దొరికింది. ఆ కుటుంబంలో తరవాత చాలా బయటపడ్డాయి. అన్నిటినీ కలిపి మ్యాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్‌లంటారు, పొట్టిగా ఎంఎంపీలు. పేరులోని ‘మెటల్’ జింకు. ఆ అణువు నడుమ జింకు లేకపోతే అది కోయలేదు.

గట్టు కొట్టే పార ఈ ఎంఎంపీలే అనుకోండి. పార ఉంటే చాలదు, ఆపేవాడూ ఉండాలి. లేకపోతే పక్కవాడి గట్టు కూడా పోతుంది. ఆ ఆపే ప్రొటీన్ల పేరు టింప్. కొయ్యడం ఎంఎంపీ పని, ఆపడం టింప్ పని. రెండూ ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నది కుదరాలి. ఎలుక పిండాల అంగిలి పలకల్ని బయటికి తీసి గిన్నెలో పెంచినప్పుడు అవి చక్కగా తాకి కలిసిపోతాయి. ఎంఎంపీలను అడ్డుకునే మందు కలిపితే మాత్రం తాకి ఆగిపోయాయి, మధ్య పొర అలాగే ఉండిపోయింది. ఈ ఫలితం 2001లో అచ్చయింది.

ఎంఎంపీలను పనిలోకి పిలిచే సంకేతాల్లో టీజీఎఫ్ బీటా 3 అనే ప్రొటీన్ ముఖ్యమైనది. 1995లో అది లేకుండా పుట్టించిన ఎలుకలన్నిటికీ అంగిలి చీలికే.

కోడి నోట్లో కూడా చీలిక ఉంటుందంటారు, నిజమేనా?

నిజం. పందెం కోడిని పెంచే వాళ్ళనడగండి. ముక్కు తెరిచి బాదంపప్పు పెట్టేటప్పుడు అంగిట్లో పొడుగ్గా ఒక చీరిక కనిపిస్తుంది. సంక్రాంతికి మా పెదనాన్నగారి కోడిని ఒళ్ళో పెట్టుకుని నేనూ చూశాను. గులాబీ రంగు అంగిలి మధ్య సన్నని సందు, దాని అంచుల వెంట ముళ్ళలా చిన్న చిన్న మొటిమలు. అది జబ్బు కాదు, పక్షి నోరు అలాగే ఉండాలి. కోడి పిండంలో కూడా పలకలు మధ్యకు వస్తాయి కానీ కలవవు. 1998లో ల్యాబులో కోడి పిండం పలకలకు టీజీఎఫ్ బీటా 3 ఇస్తే, పుట్టుకతో కలవని ఆ అంచులు కలవడం మొదలుపెట్టాయి. ఒక్క సంకేతం ఉండడం, లేకపోవడం ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి నాకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకలేదు.

చీలిక అంచున ఉండే కణజాలం మామూలు పెదవిలా ఉండదా?

బయటికి చూస్తే ఎర్రగా, మెత్తగా పెదవిలాగే ఉంటుంది. గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూస్తే తేడా తెలుస్తుంది.

సర్జను పెదవి కుట్టే ముందు రెండు అంచుల్లో కొంత పల్చగా చెక్కి తీసేస్తారు. లేకపోతే చర్మం చర్మం ఎదురెదురుగా పెట్టి కుట్టినట్టవుతుంది, అతకదు. ఆ తీసేసిన ముక్క బియ్యపు గింజంత ఉంటుంది. మా దగ్గరికి చిన్న సీసాలో, కుళ్ళకుండా కాపాడే ఫార్మలిన్ ద్రవంలో తేలుతూ వస్తుంది. రంగు వేశాక పైపొర ఊదాగా, లోపల కొల్లాజెన్ లేత గులాబీగా, కండరం ముదురు గులాబీగా కనిపిస్తాయి. మామూలు పెదవిలో నోటి చుట్టూ తిరిగే కండరం పీచులు నారతాడులా ఒకే దిక్కుగా వరసకట్టి ఉంటాయి. చీలిక అంచుకు దగ్గరయ్యే కొద్దీ ఆ వరస చెదురుతుంది. పీచులు సన్నబడతాయి, దారి తప్పుతాయి, వాటి మధ్య బంధక కణజాలం పెరుగుతుంది. అడ్డంగా పోయి అవతలి వైపు కలవాల్సిన కండరం, అవతల ఎవరూ లేక పైకి తిరిగి ముక్కు పుటం అడుగున అతుక్కుంటుంది. బిడ్డ ఏడ్చినప్పుడు చీలిక పక్కన చిన్న ఉబ్బు లేచి, ముక్కు పుటం పక్కకు లాక్కుపోతుంది చూడండి. అది ఆ కండరమే.

ఎంజైమ్‌ల పరీక్షకు ఫార్మలిన్ పనికిరాదు, అది ఎంజైమ్‌ను చంపేస్తుంది. ముక్కను వెంటనే గడ్డకట్టించి, ఆ చలిలోనే కోసి, ఎంజైమ్ బతికుండగానే రంగు వేయాలి. ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉన్న పీచు ముదురు నీలంగా తేలుతుంది, తక్కువ ఉన్నది వెలవెలబోతుంది. దాన్ని బట్టి కండరం శ్వాసించే తీరు తెలుస్తుంది. చీలిక పక్క కండరంలో ఈ శక్తి ఎంజైమ్‌లు, వాటి గూళ్ళైన మైటోకాండ్రియాలు తేడాగా ఉన్నాయని కొందరు రాశారు. అది వాడక లేక వచ్చిన మార్పే తప్ప జబ్బు కాదని మరికొందరన్నారు. నా అనుభవానికి రెండో మాటే నమ్మబుద్ధవుతుంది.

ఎంఎంపీలను మరోలా చూస్తారు. వాటిని పట్టుకునే ప్రతిరక్షకాలు వేసి, ఉన్న చోట గోధుమ రంగు తేలేలా చేస్తారు. లాత్వియా దేశంలో రీగా నగరపు పరిశోధకులు మొర్రి ముక్కల్లో ఇలా ఎంఎంపీలను, టింప్‌లను వెతికారు. పైపొరలో ఎంత, లోపల ఎంత అని గోధుమ రంగు కణాలను లెక్కపెట్టారు. కష్టమైన పని, ఓపికైన పని. చదివేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఆ ముక్క నెలల బిడ్డదో, ఏళ్ళ బిడ్డదో. గట్టు తెగాల్సిన రోజు ఎప్పుడో కడుపులో దాటిపోయింది. ఇవాళ కనిపించే ఎంజైమ్ ఆనాటి కారణం కావచ్చు, పాలు, గాలి, రాపిడి తగిలి తరవాత వచ్చిన వాపు కూడా కావచ్చు. అంగిలి చీలికలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే తిండి తడి ముక్కు పొరకు రోజూ తగులుతుంది. మెత్తగా ఉండాల్సిన ఆ పొర గట్టిపడి నోటి పొరలా మారుతుంది, కింద తెల్ల కణాలు చేరతాయి.

పెదవి బాగానే ఉంది, అంగిలి ఒక్కటే చీలింది. అయినా చెవి డాక్టరు దగ్గరికి ఎందుకు పంపారు?

అంగిలి వెనక మెత్తటి భాగంలో కండరాలు కూడా దారి తప్పుతాయి. అటు నుంచి ఇటు ఊయల తాడులా కట్టుకుని ఉండాల్సినవి, మధ్యలో సందు ఉండడంతో ముందుకు పోయి గట్టి అంగిలి వెనక ఎముకకు అతుక్కుంటాయి. అవి ఎత్తితేనే ముక్కుదారి మూతపడి ‘ప’, ‘బ’, ‘క’ పలుకుతాయి. చెవి నుంచి గొంతుకు వచ్చే గొట్టాన్ని తెరిచేదీ అక్కడి కండరమే. అది సరిగా తెరుచుకోకపోతే చెవిపొర వెనక జిగురు నీరు చేరి వినికిడి మందగిస్తుంది. వినపడని బిడ్డకు మాట రాదు. అందుకే పంపారు. వెళ్ళండి.

మేనరికం చేసుకున్నాం. దాని వల్లేనా?

ఒక్క దాని వల్లే అని ఎవరూ చెప్పలేరు. దగ్గరి రక్తంలో ఒకే జన్యు లోపం ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ మొర్రి చాలా మటుకు ఒక జన్యువుతో తేలే లెక్క కాదు. చిన్న చిన్న జన్యు తేడాలు అనేకం, వాటికి తోడు మొహం తయారయ్యే ఆ వారాల్లో కడుపులో ఉన్న పరిస్థితి, అన్నీ కలిస్తే వచ్చేది. అందుకే బయటి సంబంధం చేసుకున్నవాళ్ళకూ వస్తుంది.

ఒకే జన్యువుతో వచ్చేవీ కొన్ని ఉన్నాయి. కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు ఉండి, ఇంట్లో మరొకరికి కూడా మొర్రి ఉంటే వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ అని అనుమానిస్తారు. దానికి కారణమైన ఐఆర్ఎఫ్6 జన్యువును 2002లో కనిపెట్టారు. అలాంటి ఇంట్లో ప్రతి కాన్పుకూ సగానికి సగం ఆ జన్యువు చేరే అవకాశం ఉంది. కొలెస్టరాల్ తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఒక ఎంజైమ్ పుట్టుకతో లోపించే స్మిత్ లెమ్లీ ఓపిట్జ్ జబ్బులోనూ అంగిలి చీలుతుంది. ఎంజైమ్ లోపానికీ చీలికకూ నేరుగా ముడి కనిపించే చోట్లలో అదొకటి.

ఇంట్లో ఇంకెవరికీ లేకుండా ఒక బిడ్డకు పెదవి మొర్రి వస్తే, తరవాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి 3 నుంచి 5. అంటే 95 మందికి పైగా మామూలుగానే పుడతారు.

ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే రాదా?

ఫోలిక్ యాసిడ్‌ను ఒంట్లో వాడకానికి మార్చే ఎంజైమ్‌లలో ఎంటీహెచ్ఎఫ్ఆర్ ఒకటి. దాని జన్యువులో ఒక అక్షరం మారిన వాళ్ళలో ఆ ఎంజైమ్ కొంచెం మందకొడిగా నడుస్తుంది. అలాంటి తల్లులకు మొర్రి బిడ్డలు ఎక్కువ పుడతారా అని ఎన్నో దేశాల్లో చూశారు. కొన్ని చోట్ల అవునని వచ్చింది, కొన్ని చోట్ల లేదని. వెన్నుపూస లోపాలను ఫోలిక్ యాసిడ్ తగ్గిస్తుందన్నది తిరుగులేని సంగతి. మొర్రి విషయంలో అంత గట్టి రుజువు లేదు.

అయినా వేసుకోమనే చెబుతాను. రోజుకు 400 మైక్రోగ్రాములు, అదీ కడుపు రాకముందు నుంచే. నెల తప్పాక ఆశా కార్యకర్త ఇచ్చే దాకా ఆగితే అంగిలి పలకలు మన కోసం ఆగవు. ‘కొత్త కోడలికి ఇప్పుడే మాత్రలేమిటి’ అనే అత్తగార్లకు ఈ లెక్క ఒక్కసారి చెప్పండి.

ఏ మందులు, అలవాట్లు ప్రమాదం?

మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్, టోపిరమేట్, ఫెనిటాయిన్. మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్. అలాగని మూర్ఛ మందు సొంతంగా ఆపేయకండి, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పు. పిల్లల్ని కనాలనుకున్న రోజే డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. ఐసోట్రెటినాయిన్ మాత్రం కడుపు వస్తుందేమో అనుకునే ఆడవాళ్ళు ముట్టకూడదు.

పొగ కచ్చితంగా ప్రమాదమే. పొగలోని విషాలను విరిచే ఎంజైమ్ ఒకటి కొందరికి పుట్టుకతోనే ఉండదు. అలాంటి బిడ్డ కడుపులో ఉండగా తల్లికి పొగ తగిలితే చీలిక ముప్పు ఇంకా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. మన లంక పొగాకు పేరున్నదే, కాదనను. చుట్ట మాత్రం వీధి అరుగు మీద కూడా వద్దు, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే.

ఎంజైమ్ మాత్రలు, జింకు టానిక్కులు వాడితే చీలిక పూడుతుందా?

పూడదు. కలవాల్సిన సమయం దాటిపోయింది. ఎవరైనా అలా చెప్పి డబ్బు తీసుకుంటుంటే ఆ డబ్బు పాలకీ ప్రయాణాలకీ దాచుకోండి.

పాలు ముక్కులోంచి వచ్చేస్తున్నాయి. ఎలా పట్టాలి?

పెదవి ఒక్కటే చీలితే చాలామంది బిడ్డలు తల్లి రొమ్ము పట్టగలరు. అంగిలి చీలితే నోట్లో గాలి బిగబట్టి చప్పరించడం కుదరదు. బిడ్డ అరగంట చప్పరించి అలిసి నిద్రపోతుంది, కడుపు మాత్రం నిండదు. పాలు చాలలేదని తల్లిని తిడతారు. పాలకేమీ తక్కువ లేదు.

తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. మన అమ్మమ్మల పెట్టెల్లో ఉండే ఆ ముక్కుగిన్నె ఇలాంటి బిడ్డకు ఎంతో అనువు. బిడ్డను పడుకోబెట్టకుండా ఒళ్ళో సగం కూర్చోబెట్టండి, తల వెనక అరచెయ్యి ఆనించి. గిన్నె ముక్కును చీలిక లేని వైపు బుగ్గలోకి తగిలించి కొంచెం కొంచెంగా వంచండి. మింగింది చూసుకుని మళ్ళీ. గాలి ఎక్కువ మింగుతారు కనక మధ్యలో రెండు మూడు సార్లు భుజాన వేసుకుని త్రేన్పించండి. మొత్తం అరగంటకు మించనివ్వకండి, మించితే తాగిన బలం తాగడానికే ఖర్చవుతుంది. కొంచెం ముక్కులోంచి వచ్చినా భయపడక్కర్లేదు, తుడిచి మళ్ళీ పట్టండి. ఊపిరి ఆడక బిడ్డ నీలంగా మారితే మాత్రం వెంటనే ఆసుపత్రికి.

పురిటి బిడ్డకు ఆముదం పోయడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం మానేయండి. ఏ బిడ్డకూ మంచిది కాదు, అంగిలి లేని బిడ్డకు ఆ నూనె సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వారానికోసారి అంగన్‌వాడీలో బరువు తూయించండి. ఆపరేషన్ తేదీని నిర్ణయించేది ఆ బరువే.

ఆపరేషన్ ఎప్పుడు? ఖర్చెంత?

పెదవికి 3 నుంచి 6 నెలల మధ్య. పాత లెక్క ఒకటి ఇప్పటికీ చెబుతారు: 10 వారాల వయసు, 10 పౌండ్లు అంటే సుమారు నాలుగున్నర కిలోల బరువు, 10 గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలికి 9 నుంచి 18 నెలల మధ్య, మాటలు స్థిరపడక ముందు. పంటి చిగురు ఎముకలో కూడా సందు ఉంటే 8 నుంచి 11 ఏళ్ళ మధ్య తుంటి ఎముక నుంచి కొంత తీసి నింపుతారు, కోరపన్ను దిగడానికి దారి కావాలి గనక. అవసరాన్ని బట్టి దవడ, ముక్కు దిద్దడం ఎదుగుదల ఆగాకే.

ఖర్చు గురించి ఆగిపోకండి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో ఈ ఆపరేషన్లున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే లోపాల జాబితాలో మొర్రి, అంగిలి చీలిక ఉన్నాయి, ఏఎన్ఎంకు చెబితే పేరు రాయిస్తారు. స్మైల్ ట్రైన్ సంస్థ సాయంతో ఉచితంగా చేసే ఆసుపత్రులు కూడా ఉన్నాయి. లంక గ్రామాల వాళ్ళకు ఒక మాట. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే రేవులు ఆగిపోతాయి. కుట్లు విప్పించుకోవడానికో, జ్వరం వస్తే చూపించుకోవడానికో వెళ్ళలేక ఇబ్బంది పడ్డవాళ్ళను చూశాను. వరద రోజుల్లో తేదీ పడితే ఆసుపత్రికి దగ్గరగా చుట్టాలింట్లో ఉండేలా ముందే చూసుకోండి.

కుట్టాక మచ్చ ఎర్రగా, గట్టిగా ఉంది. చెడిందా?

లేదు, అక్కడ పని జరుగుతోంది. గాయం మానేటప్పుడు ముందు ఒంట్లో తాత్కాలిక కొల్లాజెన్ పడుతుంది, పాకకు ముందు వేసిన తాటాకు లాగా. తరవాత ఎంఎంపీలు దాన్ని కొంచెం కొంచెంగా కోసి తీసేస్తుంటే, గట్టి కొల్లాజెన్ దాని చోట చేరుతుంది. ఆ కొత్త పీచుల్ని ఒకదానికొకటి ముడివేసేది లైసిల్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైమ్, దానికి రాగి కావాలి. మొదటి రెండు మూడు నెలలు మచ్చ ఎర్రగా, బిగుతుగా ఉండి పెదవిని కొంచెం పైకి లాగినట్టు కూడా ఉంటుంది. ఏడాది తిరిగేసరికి మెత్తబడి తెల్లబడుతుంది. పూర్తిగా మానాక కూడా మచ్చ బలం మామూలు చర్మం బలంలో సుమారు 80 శాతమే. సర్జను చెప్పిన రోజు నుంచి వేలితో మెల్లగా నొక్కి మర్దన చేయండి, ఎండ తగలనివ్వకండి. పసుపు, సున్నం, ఆకు పసర్లు ఏవీ పెట్టకండి.

అంగిలి మచ్చ సంగతి వేరు. అది బిగుసుకుంటే పై దవడ ముందుకు పెరగడం తగ్గుతుంది. అందుకే ఈ పిల్లలు పద్దెనిమిదేళ్ళ దాకా పళ్ళ డాక్టరును వదలకూడదు. పుచ్చుపళ్ళు కూడా వీళ్ళకు త్వరగా వస్తాయి.

తీసేసిన ముక్కను పరిశోధనకు ఇమ్మని సంతకం అడుగుతున్నారు. పెట్టొచ్చా?

ఆ ముక్క ఎలాగూ తీసేసేదే. అదనంగా ఏమీ కోస్తున్నారా, బిడ్డ పేరు బయటికి పోతుందా అని అడగండి. లేదని చెబితే, మనసొప్పితే పెట్టండి. వద్దన్నా ఆపరేషన్‌లో తేడా చూపకూడదు, అది మీ హక్కు. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి ముక్క వెనకా ఎవరో ఒక తల్లి చేవ్రాలో వేలిముద్రో ఉందని మర్చిపోలేదు.

చీలిక ఏమీ కనిపించదు, కానీ మా పిల్లాడి మాట ముక్కులోంచి వస్తుంది. అదీ ఇదేనా?

కావచ్చు. పైపొర కలిసి, లోపల కండరం మాత్రం కలవని పిల్లలుంటారు. గట్టు తెగింది, నేల కలవలేదన్నమాట. పట్టపగలు కిటికీ దగ్గర కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. కొండనాలుక రెండుగా చీలి ఉందా? అంగిలి మధ్య గీత పల్చగా, నీలంగా మెరుస్తోందా? చేతులు కడుక్కుని, గట్టి అంగిలి చివర చూపుడు వేలితో తడిమితే చిన్న గంటు తగులుతోందా?

ఇంకోటి చూడండి. చల్లటి చిన్న అద్దం ముక్కు కింద పట్టుకుని ‘పాప, బాబు, కాకి’ అనిపించండి. ఈ మాటలకు గాలి ముక్కులోంచి రాకూడదు, అద్దం తేటగా ఉండాలి. ‘బాబు’ అన్నది ‘మాము’లా వినిపించి, అద్దం మీద ఆవిరి పడితే అంగిలి మూతపడడం లేదు. పెద్దయితే అదే పోతుందని స్కూలు వయసు దాకా ఆగకండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి లాంటి పెద్ద చోట చెవి ముక్కు గొంతు విభాగంలో చూపించండి, అద్దం మీద ఆవిరి పడిన సంగతి అక్కడి డాక్టరుకు చెప్పండి.